క్వారీ కార్మికులకు బీపీ స్క్రీనింగ్ ఎలా చేయాలి?

ప్రకాశం జిల్లా చీమకుర్తి దగ్గర విలేజ్ హెల్త్ క్లినిక్‌లో పనిచేస్తున్నాను. 30 ఏళ్లు దాటిన అందరికీ బీపీ, షుగర్ చూడాలి. ఇంటింటికీ వెళ్తే ఆడవాళ్లే దొరుకుతున్నారు. మగవాళ్లు పొద్దున్నే గ్రానైట్ క్వారీలకు వెళ్లిపోతారు. సాయంత్రం ఆశా అక్కతో కలిసి వెళ్తే, అలిసిపోయి చెయ్యి కూడా చాపరు. ఆదివారం సంగతి చెప్పక్కర్లేదు. క్వారీ గేటు దగ్గర టీ టైములో చూశాం. అప్పుడే టీ, బీడీ తాగి వచ్చినవాళ్లకి 150/96 అలా వస్తోంది. అరగంట ఆగి, 5 నిమిషాలు కూర్చోబెట్టి మళ్లీ చూద్దామంటే మేస్త్రీ ఒప్పుకోడు. బీపీ ఉందని తెలిస్తే పనిలోంచి తీసేస్తారని కార్మికుల భయం. రిజల్టు ఎవరికీ చెప్పబోమన్నా నమ్మట్లేదు.

క్వారీల్లోనో ఫ్యాక్టరీల్లోనో స్క్రీనింగ్ చేసినవాళ్లుంటే చెప్పండి: పని మొదలయ్యే ముందు ఆ అరగంట ఇచ్చేలా యాజమాన్యాన్ని ఎలా ఒప్పించారు?