పాత రంగుల గాజు కిటికీ: చేసినవారి పేరు తెలుసుకోవడం ఎలా?

ప్రశ్న

ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌లో, కూల్చిన కట్టడాల సామగ్రి అమ్మే ఒక అంగడిలో మూడడుగుల ఎత్తు, అడుగున్నర వెడల్పు గల రంగుల గాజు కిటికీ పలకను కొన్నాను. ఎర్రటి అంగీ తొడుక్కున్న దేవదూత బొమ్మ అది. ముఖం మీది గీతలు చాలావరకు చెరిగిపోయి, కళ్ళు ఉండవలసిన చోట లేత గులాబి గాజు మాత్రమే మిగిలింది. అడుగున స్మారక వాక్యం రాసిన పట్టీ తెగిపోయినందువల్ల పేరు గాని, సంవత్సరం గాని తెలియడం లేదు. అయితే కుడి అంచులో గోరంత గోధుమ పన బొమ్మ పసుపు రంగులో ఉంది. రంగుల గాజు కిటికీలు చేయించిన ఆంగ్ల రూపకర్త చార్లెస్ ఈమర్ కెంప్ తన కిటికీలకు గోధుమ పననే గుర్తుగా వేసేవారని చదివాను. అమ్మిన వ్యక్తి కూడా ఆ పేరే చెప్పి ధర పెంచారు. ఇది కెంప్ పనేనని రూఢి చేసుకొనే మార్గం ఏదైనా ఉందా?

జవాబు 1

గోధుమ పన కెంప్ గుర్తు అన్న మాట నిజమే. ఆయన 1907లో మరణించాక సంస్థను నడిపిన వాల్టర్ టవర్ కాలంలో ఆ పన మీద చిన్న నల్లటి బురుజు కూడా చేరింది. కానీ ఆ గుర్తు కనిపించేది 1890ల నుంచి వచ్చిన పనిలోనే, మీరు చెప్పిన ముఖమేమో అంతకంటే పాతకాలాన్ని సూచిస్తోంది. 1860, 1870 దశకాలలో ఇంగ్లండ్‌లోని పలు కార్ఖానాలు గాజు మీద వేసే రంగు తక్కువ వేడికే కరిగి అంటుకోవాలని అందులో వెలిగారం కలిపేవి. అలా వేసిన రంగు తేమ తగిలే కొద్దీ రాలిపోయింది. విలియం మోరిస్ సంస్థ కిటికీలకు కూడా ఈ తెగులు తప్పలేదు. రంగు రాలడానికి వేరే కారణాలూ ఉంటాయి గనుక ఇదొక్కటే రుజువు కాదు.

ముందుగా రెండు పనులు చేయండి. పలక లోపలి వైపున, ఏటవాలుగా పడే వెలుతురులో ముఖాన్ని చూస్తే, రాలిపోయిన గీతలు ఉండిన చోట గాజు పైపొర కాస్త మసకగా కనిపించవచ్చు. దానిని ఫోటో తీయండి. తరువాత ఎడమ అంచులో, సరిగ్గా గోధుమ పనకు ఎదురుగా ఏ బొమ్మ ఉందో చూసి చెప్పండి. అంతవరకు సబ్బునీరు, కుంచె ఆ గాజు దగ్గరికి రానివ్వకండి.

ప్రశ్న అడిగినవారు

ఎడమ అంచులో ద్రాక్షగుత్తి ఉంది. పలక ఒక పాత మెథడిస్టు (ఇంగ్లండ్ చర్చి నుంచి విడిపోయిన ప్రొటెస్టెంటు శాఖ) ప్రార్థనా మందిరం నుంచి వచ్చిందని అమ్మిన వ్యక్తి ఇప్పుడు అంటున్నారు.

జవాబు 1

అయితే కెంప్ పేరును పక్కన పెట్టవచ్చు. గోధుమ, ద్రాక్ష జంటగా కనిపిస్తే అవి ప్రభురాత్రి భోజనంలోని రొట్టెకూ ద్రాక్షారసానికీ చిహ్నాలు. ఏ కార్ఖానా అయినా వాటిని వేస్తుంది. అసలు ఆ కాలపు కిటికీలలో సంతకం లేనివే ఎక్కువ. శైలిని చూసి పేరు చెప్పేవారు చాలామంది ఉన్నారు గాని, చిత్రకారులు ఒక కార్ఖానా నుంచి మరొక దానికి మారేవారు, ఒకే నమూనా చిత్రాన్ని పలు చర్చిలకు మళ్ళీ మళ్ళీ వాడేవారు. అందువల్ల శైలి ఒక్కటే ఆధారమైన పేరును నేనైతే నమ్మను.

జవాబు 2

పేరు దొరికేది సాధారణంగా కాగితాల్లోనే, కాగితాలు దొరకాలంటే ఊరు తెలియాలి. ఇంగ్లండ్ చర్చికి చెందిన గుడి అయితే కిటికీ పెట్టడానికి డయోసిస్ (బిషప్ అధికార పరిధి) అనుమతి పత్రం ఉండేది, అందులో దాత పేరు, ఒక్కోసారి చేసినవారి పేరు కూడా దొరుకుతుంది. మెథడిస్టు మందిరాలకు ఆ పద్ధతి వర్తించదు కాబట్టి మీరు వెతకవలసింది ధర్మకర్తల సమావేశాల పుస్తకాలను, కిటికీ ఆవిష్కరణ వార్త ప్రచురించిన స్థానిక పత్రికలను. అలాంటి పుస్తకాలు చాలావరకు కౌంటీ రికార్డు కార్యాలయాలకు చేరాయి. మందిరం పేరు, కూల్చిన సంవత్సరం అమ్మిన వ్యక్తి చేత రాయించుకోండి. కార్ఖానా పేరు తెలిశాక పని సులువవుతుంది: హార్డ్‌మన్ కాగితాలు బర్మింగ్‌హామ్‌లోనూ, జేమ్స్ పావెల్ వారివి లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలోనూ ఉన్నాయి.

మరొక మాట. బొమ్మ గీసినవారు, గాజు కోసి కాల్చి సీసంతో అతికినవారు ఒకరే కానక్కరలేదు. మన మెదక్ కేథడ్రల్ కూడా వెస్లియన్ మెథడిస్టు మిషన్ కట్టించినదే; అక్కడి కిటికీలు అనగానే ఫ్రాంక్ సాలిస్‌బరీ పేరు చెబుతాం, ఆయన ప్రధానంగా చిత్రకారుడు. మీ వెతుకులాటలో రెండు పేర్లు ఎదురైతే రెండూ నిజమై ఉండవచ్చు.

జవాబు 3

పాత గాజును బాగుచేసే పనిలో ఉన్నాను కనుక ఇది చేరుస్తున్నాను. సీసపు పట్టీలు వదులై, వాటిని మార్చవలసి వస్తే, విప్పే ప్రతి గాజు ముక్క అంచును ఫోటో తీయించండి. పట్టీ కింద దాగిన ఆ అంచు మీద కార్ఖానా వారు గీకిన పని సంఖ్యలు, పొట్టి అక్షరాలు కనిపించవచ్చు. అందుకోసమని బాగున్న పట్టీలను విప్పించకండి. తెగిన స్మారక పట్టీలో రెండు మూడు అక్షరాలైనా మిగిలి ఉంటే వాటి దగ్గరి ఫోటో ఇక్కడ పెట్టండి. అక్షరాల తీరు దశాబ్దాన్ని చెప్పకపోయినా, పత్రికలలో వెతకడానికి ఇంటిపేరులో ఒక ముక్కైనా దొరకవచ్చు.