విల్లు వీపు అద్దంలా మెరవాలా, గీకి వదిలేస్తే చాలదా?

టెక్సాస్ రైతుబిడ్డ
అందరికీ నమస్కారం. పాత కంచెకు పాతిన ఓసేజ్ ఆరెంజ్ దుంగ ఒకటి దొరికితే ఆరు నెలలుగా విల్లు చెక్కుతున్నాను. ఇది ఈ ప్రాంతపు చెట్టే. పూర్వం ఇక్కడికొచ్చిన ఫ్రెంచివాళ్లు దీన్ని 'వింటి కర్ర' అనే అర్థం వచ్చే పేరుతో పిలిచారు. తెల్ల చెక్క మొత్తం తీసేసి, వీపు మీద చెట్టు ఏటేటా పెరిగిన వలయాల్లో ఒకే వలయం ఎక్కడా తెగకుండా నిలబెట్టాను (కొత్తవాళ్ల కోసం: గురి వైపు ఉండేది వీపు, మనవైపు ఉండేది పొట్ట). రెండు రెక్కలూ సమానంగా వంగుతున్నాయి. 28 అంగుళాలు లాగితే లాగుడు బరువు 40 పౌండ్లు చూపిస్తోంది. ఒళ్లంతా ఆకురాయి గీతలున్నాయి. మా క్లబ్బులో ఒకాయన 600 నంబరు దాకా సాండ్ పేపర్ (నంబరు పెరిగేకొద్దీ నునుపు) పట్టమంటాడు, ఇంకొకాయన స్క్రేపర్ రేకుతో గీకాక ఇక ముట్టుకోవద్దంటాడు. ఎవరి మాట వినాలి?

గాజుపెంకు
600 ఎందుకండీ, అదేమైనా కారు బానెట్టా? మా నాన్న వడ్రంగి. గొడ్డలి కామ చేసినా, కొడవలి పిడి చేసినా పగిలిన సీసా పెంకుతో గీకి ఇచ్చేసేవాడు, మిగతా పాలిష్ రైతు చేతి చెమటే పెట్టేది. పెంకు చెక్కను సన్నగా కోస్తుంది, సాండ్ పేపర్ రాపాడి దుమ్ము చేస్తుంది. ఆరు నెలలు కష్టపడి వంపు సరిచేసి, చివరి రోజు కాగితం పట్టుకుని దాన్ని పాడుచేసుకోవడం దేనికి?

లెక్కల మాస్టారు
పాడవుతుందన్నది ఊరికే అన్న మాట కాదు. బద్ద బిగువు మందానికి ఘనంలో మారుతుంది. 12 మిల్లీమీటర్ల రెక్క మీద 0.3 మిల్లీమీటర్లు అరిగిందనుకోండి, మందం తగ్గింది రెండున్నర శాతమే. బిగువు మాత్రం ఏడు శాతం పైగా పోతుంది. అంటే మీ 40 కాస్తా 37 అవుతుంది. ఒక రెక్క మీద ఎక్కువ రుద్దితే ఇంకా ఘోరం, వంపు అటే లాగేస్తుంది. అందుకే తెలిసినవాళ్లు రెండు మూడు పౌండ్లు ఎక్కువ ఉంచి, నునుపు పని మొదలుపెడతారు.

ఓరుగల్లు విలుకాడు
గాజుపెంకు అన్నా, కామ వంగదు, విల్లు వంగుతుంది. తేడా అక్కడే ఉంది. లాగినప్పుడు వీపు సాగుతుంది, పొట్ట నలుగుతుంది. పొట్ట మీద గీతలుంటే పెద్ద నష్టం లేదు. వీపు మీద *అడ్డంగా* ఒక లోతైన ఆకురాయి గీత ఉంటే ఈనె (చెక్కలో పొడవునా ఉండే నార) తెగినట్టే, పేడు అక్కడి నుంచే లేస్తుంది. నా రెండో విల్లు అలాగే పోయింది. చెవి పక్కనే టప్పుమంది, అరగంట సేపు చేతులు వణికాయి. కాబట్టి నునుపు అందం కోసం కాదు. వీపు అంచులు కూడా వేలికి గుచ్చుకోకుండా గుండ్రం చేయాలి.

పరీక్ష ఒకటి చెబుతా. దూది ముక్క తీసుకుని వీపు మీద ఒక చివరి నుంచి ఇంకో చివరికి మెల్లగా లాగండి. పోగులు ఎక్కడ తగులుకుంటే అక్కడే పని మిగిలి ఉన్నట్టు. తర్వాత గది చీకటి చేసి ఫోన్ టార్చ్ పక్కవాటంగా పెట్టి చూడండి, పగలు కనపడని గీతలన్నీ బయటపడతాయి.

గాజుపెంకు
అడ్డం గీతల మాట ఒప్పుకుంటా. కానీ వాటినీ పెంకుతోనే తీయొచ్చుగా?

ఓరుగల్లు విలుకాడు
తీయొచ్చు, పెంకైనా రేకైనా ఎగరకపోతే. ఒకే కోణంలో గీకుతూ పోతే అది టకటకా ఎగిరి, ఇసుకలో అలల్లా అడ్డంగా వరసలు పెడుతుంది. ప్రతి నాలుగు గీకులకీ కోణం మార్చాలి.

యూ చెట్టు
చరిత్ర వైపు నుంచి ఒక మాట. మేరీ రోజ్ అనే ఇంగ్లిష్ యుద్ధనౌక 1545లో మునిగింది, 1982లో పైకి తీశారు. అందులో యూ చెక్క విళ్లు వందకు పైగా దొరికాయి. ముడి ఉన్నచోట దాన్ని కోసి చదును చేయకుండా చుట్టూ చెక్క ఉబ్బెత్తుగా వదిలేశారు. అందం కన్నా ఈనె ముఖ్యమని వాళ్లకు తెలుసు. చిత్రమేమిటంటే, సరిగ్గా అదే 1545లో రోజర్ ఆస్కమ్ విలువిద్య మీద రాసిన పుస్తకంలో, మైనం పట్టించిన గుడ్డతో విల్లును రోజూ మెరిసేదాకా రుద్దమన్నాడు. అంటే నునుపు ఒక్క రోజులో అయిపోయే పని కాదు, వాడినన్నాళ్లూ సాగే పని.

భద్రాద్రి వెదురు
ఇదంతా కర్రకే. మా వైపు వెదురు బద్ద విళ్లకు ఈ సలహా పెడితే కొంప మునుగుతుంది. వెదురులో గట్టి ఈనెలన్నీ పైచర్మం దగ్గరే కిక్కిరిసి ఉంటాయి. దాన్ని రుద్దితే ప్రాణం తీసినట్టే. కణుపుల దగ్గర కాస్త మట్టం చేస్తే చాలు. నూనె కూడా ఆ చర్మంలోకి ఇంకదు. లోపలి ముఖానికీ, కోసిన చివరలకూ పట్టించాలి, తేమ వచ్చేది అటునుంచే.

వైజాగ్ ఉప్పుగాలి
అసలు సంగతి ఇప్పటికి వచ్చింది. నునుపు గురించి ఇంత గొడవ పడతారు, పూత గురించి ఒక్కరూ మాట్లాడరేం? నా 45 పౌండ్ల విల్లు ఒక్క వానాకాలంలో 41కి దిగింది, పైగా వంగినది వంగినట్టే ఉండిపోయింది. అవిసె నూనె ఒక్కటే పట్టించాను. అది చూడ్డానికి బాగుంటుంది గానీ తేమను పెద్దగా ఆపదు. ఇప్పుడు స్పిరిట్‌లో కరిగించిన లక్క పల్చగా నాలుగైదు పూతలు వేసి, పైన తేనె మైనం రుద్దుతున్నాను. మందంగా మాత్రం వేయకండి, వంగినచోట పగుళ్లు తేలతాయి.

ఒక హెచ్చరిక కూడా. అవిసె నూనె తుడిచిన గుడ్డలు ఉండచుట్టి మూల పడేయొద్దు. ఆరేటప్పుడు వేడెక్కి వాటంతటవే అంటుకుంటాయి. విప్పి ఆరేయండి, లేదా నీళ్లలో ముంచండి.

టెక్సాస్ రైతుబిడ్డ
దూది పరీక్ష చేశాను. రెండుచోట్ల తగులుకుంది. ఒకటి పిడికి జానెడు పైన, ఆకురాయి అడ్డంగా జారిన గీత. 150 నంబరు కాగితంతో పొడవునా రుద్దితే పోయింది. తడిగుడ్డతో ఒకసారి తుడిచి ఆరనిస్తే సన్నటి నూగు లేచింది, 220తో తీసేసి అక్కడితో ఆపాను. తూచితే 39. లక్క కొంటున్నాను, 600 కాగితం కొనడం లేదు.

గాజుపెంకు గారూ, పొట్ట మీద గీకుడు గీతలు అలాగే ఉంచాను, మీ నాన్నగారి పేరు చెప్పుకుని.

గాజుపెంకు
ఆ ఒక్క పౌండు ఎక్కడికి పోయిందో మాస్టారిని అడగండి మరి.