యాసిడ్ అమ్మకానికి ఆంక్షలు కావాలా, దాడికి శిక్ష ఒక్కటే సరిపోతుందా?

ప్రశ్న: హనుమకొండలో మాది హార్డ్‌వేర్ షాపు. 2013లో సుప్రీంకోర్టు చెప్పినట్టే గుర్తింపు కార్డు చూసి, కొనేవాళ్ల అడ్రసు, అవసరం రిజిస్టర్‌లో రాస్తున్నాను. "బాత్రూం కడగడానికి ఆధార్ ఎందుకన్నా?" అని రోజూ గొడవ. దాడి చేస్తే కనీసం పదేళ్ల జైలు ఉందిగా, అది చాలదా?

జవాబు: చాలదు. శిక్ష పడేసరికి ఆ అమ్మాయి చూపు పోయి ఉంటుంది. 2008లో మన వరంగల్‌లో ఇంజనీరింగ్ అమ్మాయిల మీద జరిగిన దాడి మర్చిపోయారా అన్నా?

జవాబు: మాది కంసాలి పని. నైట్రిక్ యాసిడ్ లేకపోతే బంగారం శుద్ధి చేయలేం. పూర్తిగా నిషేధిస్తే మా పొట్ట కొట్టినట్టే. రిజిస్టర్ అయితే ఉండాల్సిందే, సంతోషంగా సంతకం పెడతాను.

ప్రశ్న అడిగినవారు: సరే అన్నా. కార్డు లేకపోతే ఫినాయిల్ ఇచ్చి పంపిస్తాను.