సమస్యాపూరణం: ‘ఆట ముగియగానె యాట మొదలు’

మిత్రులారా, నిన్న సాయంత్రం నా నాటకం పుస్తకమై ఇంటికొచ్చింది. నెల కిందటే మా ఊళ్ళో ఆడాం. ప్రెస్సు నుంచి వచ్చిన కట్ట విప్పగానే సిరా వాసన గుప్పుమంది, మా ఆవిడ మొదటి కాపీకి బొట్టుపెట్టి దేవుడి దగ్గర పెట్టింది. రాత్రంతా నిద్రపట్టలేదు. ఆ సంతోషంలోనే ఈ సమస్య ఇస్తున్నాను.

ఆట ముగియగానె యాట మొదలు

ఇది ఆటవెలది పద్యం నాలుగో పాదం, ముందు మూడు పాదాలూ మీరు రాసి పద్యం పూర్తి చేయాలి. ఐదూ సూర్యగణాలే (గురువు, అంటే రెండు మాత్రల అక్షరం, తర్వాత లఘువు, అంటే ఒక మాత్ర అక్షరం; లేదా మూడు లఘువులు), ఆ–యా యతి (పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ పొత్తు). ఆట అయిపోయాక ఆట మొదలవడం ఏమిటో మీరు చెప్పాలి. మూడో పాదంలో వాక్యం ముగించేస్తే సమస్యకు ముందు విసంధిని (సంధి చేయకుండా వదిలేయడాన్ని) తప్పు పట్టను.

మొదటి పూరణ (విజయనగరం మిత్రులు)

విజయనగర మందు వేదిక దిగినట్టి
కన్యశుల్క మచ్చు గదిని జేరె
కవికి పండుగయ్యె, కళ్ళ కద్దుకొనెను
ఆట ముగియగానె యాట మొదలు

మీ శుభవార్త వినగానే మా ఊరి నాటకమే గుర్తొచ్చిందండీ. కళ్ళకద్దుకోవడం నా ఊహ.

సమస్య ఇచ్చినవారు: మూడో పాదం చదివి గొంతు పట్టేసింది, నిన్న నేను చేసింది అదే. అయితే ఒక మాట. ‘కన్యాశుల్కం’లో దీర్ఘం తీసేశారు, అది ఒప్పుకోలేను. ఆ పదం మూడు గురువులు, ఒక లఘువు. సూర్యగణాల్లో ఎలా తిప్పినా పట్టదు, అందుకే మీరు కోశారని తెలుస్తూనే ఉంది. కానీ మొదటి పాదం చివర రెండు ఇంద్రగణాలున్నాయి కదా (సూర్యగణాల కంటే పెద్దవి), అక్కడ పెట్టి చూడండి:

ముద్ర పడిన దదిగొ మొదటి కన్యాశుల్క
నాటకమ్ము, చదువు నలుగు రింట

‘మొదటి క’ వరకు నగము (మూడు లఘువులు, ఒక గురువు; తర్వాతి ‘న్యా’ వల్ల ‘క’ గురువవుతుంది), ‘న్యాశుల్క’ తగణం (రెండు గురువులు, ఒక లఘువు). మూడో పాదం మీదే ఉంచండి.

‘మొదటి’ అన్నది యతి కోసమే వేయలేదు. 1892లో విజయనగరంలో ఆడిన ఆ నాటకం అచ్చులోకి వచ్చింది 1897లో. మళ్ళీ 1909లో గురజాడ దాన్ని బాగా పెంచి తిరగరాశారు, మనం ఇవాళ చదువుతున్నది ఆ రెండో కూర్పే, మధురవాణికి ఇంత చోటు దొరికింది అందులోనే. తెలుగు భాష రంగస్థలానికి పనికిరాదన్న అపోహను పోగొట్టడం కూడా తన ఉద్దేశమని ఆయనే పీఠికలో రాసుకున్నారు. అచ్చయిన నాటకాన్ని కూడా మళ్ళీ విప్పి రాయొచ్చని నాకు ధైర్యం వచ్చింది ఆయన వల్లే.

రెండో పూరణ (గుంటూరు అక్కయ్యగారు)

తెరలు దించినారు, దీపమ్ము లార్పిరి
పుస్తకమ్ము చేత బూని యింట
చదువుచుండ నాకు సరికొత్త రంగాన
ఆట ముగియగానె యాట మొదలు

సమస్య ఇచ్చినవారు: అక్కయ్యగారూ, ధార హాయిగా ఉంది, తె–దీ యతి చక్కగా కుదిరింది. చిక్కల్లా ‘రంగాన’ దగ్గర. వాక్యం అక్కడ ఆగలేదు, పైగా ద్రుతాంతం (చివర నకారం వచ్చి చేరే పదం), కాబట్టి ‘నాట ముగియగానె’ అయి కూర్చుంటుంది. ‘సదనమే రంగమ్ము’ అంటే వాక్యం ముగుస్తుంది, చ–స యతీ నిలుస్తుంది.

గుంటూరు అక్కయ్యగారు: అయ్యో, అది తట్టలేదు తమ్ముడూ! నేను చదివేది వంటింట్లో పీట మీద కూర్చునే, ‘సదనమే రంగమ్ము’ అంటే నా సంగతే అయింది. మార్చేశాను.

మూడో పూరణ (కరీంనగర్ నుంచి ఒక మాస్టారు)

రాత్రి చూసి వచ్చి రచ్చబండను జేరి
పిల్ల లంత బొగ్గు పెట్టి మూతి
మీసములను దీర్చి ‘మేమె నటుల’ మండ్రు
ఆట ముగియగానె యాట మొదలు

మా బడి పిల్లలే సార్. నాటకం చూసిన మర్నాడు ఒక్కడూ పాఠం వినలేదు.

సమస్య ఇచ్చినవారు: మాస్టారూ, ఇప్పటిదాకా వచ్చినవాటిలో నాకు బాగా నచ్చింది ఇదే. ‘చూసి’ని ‘చూచి’ అనమనేవాళ్ళుంటారు, నేను అనను, రచ్చబండ పక్కన ‘చూసి’యే బాగుంది. బొగ్గు మీసం కళ్ళకు కట్టింది.

ఇది చదివాక ఒకటి చెప్పాలనిపించింది. నా రాతప్రతిలో ‘తల్లి తలుపు తీస్తుంది’ అని మాత్రమే ఉంది. ఆ వేషం వేసిన ఆవిడ ప్రదర్శన రోజు తలుపు దాకా వచ్చి, ఆగి, తడిచేతులు చెంగుకు తుడుచుకుని, అప్పుడు గడియ తీసింది. హాలంతా నిశ్శబ్దం. ఆ చేతులు తుడుచుకోవడాన్ని పుస్తకంలో చేర్చాను. ఆడకముందే అచ్చువేసి ఉంటే ఆ వాక్యం ఉండేది కాదు.

ఆదివారం రాత్రి దాకా పూరణలు పంపండి. కంద పద్యంలో రాస్తామంటే పాదం మార్చి ఇస్తాను. మాస్టారూ, మీ పద్యాన్ని నా కాపీ అట్ట లోపల రాసుకుంటున్నాను, మీ బడికి రెండు ప్రతులు పంపిస్తాను, పిల్లల చేత ఆడించండి.