ఏడేళ్ళకి పుట్టిన పాప, సాయంత్రం ఆరైతే ఒకటే ఏడుపు... మీ పిల్లలకి ఎలా తగ్గింది?

గుంటూరుకోడలు:
హాయ్ అండి అందరికీ. పెళ్ళయిన ఏడేళ్ళకి, రెండో ఐవీఎఫ్‌లో పాప పుట్టింది మాకు, ఇప్పుడు 5 వారాలు. పగలంతా బానే ఉంటుంది, సాయంత్రం ఆరైతే చాలు గుక్కపట్టి ఏడుపు, కాళ్ళు పొట్టలోకి ముడిచేసి మొహం కందగడ్డలా చేసుకుంటుంది, తొమ్మిదిన్నర దాకా ఇంతే. డాక్టర్ చూసి కోలిక్ అన్నారు, అంటే ఏ జబ్బూ లేకపోయినా పసిపిల్లలు గంటల తరబడి ఏడవడమట, బరువు బానే పెరుగుతోందట. అత్తయ్య వసకొమ్ము అరగదీసి నాకిద్దాం అంటున్నారు, పక్కింటావిడ గ్రైప్ వాటర్ పట్టమంటోంది. నిన్న బాత్రూమ్‌లో కుళాయి తిప్పుకుని నేనూ ఏడ్చా. అమ్మకి ఫోన్ చేస్తే "ఇన్ని మొక్కులు మొక్కి కన్నావు, ఇప్పుడు విసుక్కుంటావేంటే" అంది.

సిరివాళ్ళమ్మ:
మా బాబుకీ సేమ్ అండి. మూడో వారంలో మొదలై ఆరో వారానికి పీక్‌కెళ్ళింది, మూడు నెలలు దాటాక ఒకరోజు సాయంత్రం అసలు ఏడవలేదు, ఏమైందా అని భయమేసి లేపి మరీ చూశా. మాకు పనిచేసింది ఒకటే, ముంజేతి మీద బోర్లా వేసుకుని, తల మోచేతి దగ్గరకి వచ్చేలా పట్టుకుని హాల్లో అటూ ఇటూ తిరగడం. పక్క గదిలో మిక్సీ వేస్తే ఆ సౌండ్‌కి టక్కున ఆగేవాడు. పాలు పట్టాక త్రేన్పు వచ్చేదాకా భుజాన వేసుకోండి, తొందరపడి పడుకోబెట్టొద్దు.

నైట్‌డ్యూటీఅక్క:
నేను పిల్లల వార్డులో స్టాఫ్ నర్సుని. వస మాత్రం వద్దమ్మా, అది నాకించాక వాంతులు పట్టుకుని అడ్మిట్ అయిన పసిపిల్లల్ని చూశా. గ్రైప్ వాటరూ అంతే, 6 నెలల దాకా తల్లిపాలు తప్ప మామూలు నీళ్ళు కూడా పట్టకూడదు. ఇంకోటి, మెడికల్ షాపులో కడుపునొప్పి చుక్కలని అడిగి తెచ్చేసుకోకండి, డైసైక్లోమిన్ ఉన్నవి 6 నెలల లోపు పిల్లలకి అస్సలు ఇవ్వకూడదు, ఊపిరికే ఇబ్బంది అవ్వొచ్చు. గ్యాస్‌కి వేసే సిమెథికోన్ చుక్కలు హాని చెయ్యవు గానీ పెద్దగా గుణమూ కనపడదు. తల్లిపాలు తాగే పిల్లలకి రియుటెరి అనే ప్రోబయోటిక్ (పొట్టకి మేలు చేసే బ్యాక్టీరియా) కొంత పనిచేస్తుంది, మీ డాక్టర్‌నే అడగండి. ఏడుపు ఎప్పటిలా కాకుండా తేడాగా ఉంటే బట్టలన్నీ విప్పి చూడు, కాలివేలికి నీ తలవెంట్రుక చుట్టుకుని ఉన్నా అలాగే ఏడుస్తారు. జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ తగిలినా, ఆకుపచ్చగా కక్కినా, దొడ్డికెళ్తే రక్తం కనపడినా, పాలు మానేసినా ఇక ఆగొద్దు, హాస్పిటల్‌కి పరిగెత్తడమే. నీకు మరీ విసుగొచ్చి పిల్లని గట్టిగా ఊపేయాలనిపిస్తే మంచం మీద కాదు, ఊయల్లో వెల్లకిలా పడుకోబెట్టి తలుపు దగ్గరికేసి పది నిమిషాలు బయట నిలబడు. ఏడిస్తే ఏడవనీ, పిల్లని పట్టుకుని గట్టిగా కుదిపితే మాత్రం మెదడుకే ప్రమాదం.

రెండుగీతలకోసం:
నాకు ఇంకా పిల్లల్లేరు అక్కా. నాలుగేళ్ళు, మూడు ఐయూఐలు (వీర్యాన్ని నేరుగా గర్భాశయంలోకి పంపడం). నీ పోస్ట్ మొదటి లైన్ చదవగానే నిజం చెప్పాలంటే కోపమొచ్చింది, పాప ఉంది కదా ఇంకేం కావాలి అని. కుళాయి దగ్గరకి వచ్చేసరికి ఆగిపోయా. పీరియడ్ వచ్చిన ప్రతిసారీ నేనూ అదే పని. మా ఆయన వీర్యం టెస్ట్ రెండేళ్ళ తర్వాత చేయించారు, అప్పటిదాకా మందులు, స్కాన్‌లు, మాటలు అన్నీ నాకే.

గుంటూరుకోడలు:
అయ్యో చెల్లీ, మాదీ అదే కథ, లోపం ఆయన రిపోర్టులో ఉంటే మూడేళ్ళు నేను మాత్రలు మింగా, చివరికి ఐవీఎఫ్‌లోనే ఇక్సీ చేశారు, అంటే ఒక్క వీర్యకణాన్ని సూదితో అండంలోకి పంపడం. నీ వయసు 35 దాటితే మాత్రం ఏడాదంతా చూద్దాంలే అనుకోవద్దు, ఆర్నెల్లకే ఇద్దరూ కలిసి వెళ్ళాలని మా డాక్టర్ చెప్పింది. నీకు కోపమొచ్చిందని చెప్పావు చూడు, ఆ మాట మా ఇంట్లో ఎవరూ అనరు, అందరూ "దేవుడిచ్చాడు, ఓర్చుకో" అనేవాళ్ళే.

న్యూజెర్సీనాన్న:
ఇక్కడ మాకు అమ్మమ్మా లేదు నానమ్మా లేదు, వీసా రాలేదు. రాత్రి ఒంటిగంట దాకా నేను, ఆ తర్వాత తను, అలా షిఫ్టులు వేసుకున్నాం. మీ ఆయన చేతికి ఇవ్వండి మేడం, ఏం పర్లేదు, మగాళ్ళ ముంజెయ్యి ఇంకా వెడల్పుగా ఉంటుంది.

గుంటూరుకోడలు:
అప్‌డేట్. నిన్న రెండు గంటలే ఏడ్చింది, అందులో గంట ఆయన చేతిమీదే. నర్సక్క రాసింది అత్తయ్యకి చదివి వినిపించా, ఏం మాట్లాడలేదు గానీ వసకొమ్ము తీసుకెళ్ళి దేవుడి గూట్లో పెట్టేశారు. మిక్సీ ఉత్తినే తిప్పితే కాలిపోతుందని పల్లీలు వేసి తిప్పుతున్నారు, నాలుగు రోజుల్నుంచి మా ఇంట్లో పొద్దునా సాయంత్రం పల్లీ చట్నీయే.