సమస్యాపూరణం: ఓడిపోయినవాడె పో యుత్తముండు

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య తేటగీతి చివరి పాదం. దీనికి ముందు మూడు పాదాలు రాసి పద్యం పూర్తి చేయాలి.

ఓడిపోయినవాడె పో యుత్తముండు

గణాలు (గురులఘువుల గుంపులు): ఓడి (హ), పోయిన (భ), వాడె పో (ర), యుత్త (హ), ముండు (హ). యతి (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో పొత్తు) ఓ–యు, పో తర్వాత యడాగమం వచ్చినా లోపలున్న ఉకారమే ఓకారంతో కలుస్తుంది.

విషయం: ఆట నుంచి తప్పుకున్న, ఈరోజు మన మధ్య ఉన్న మేటి క్రీడాకారులు. నిబంధనలు మూడే. మనిషి జీవించి ఉండాలి. పూర్తిగా రిటైర్ అయి ఉండాలి. ఆట ప్రపంచంలో చాలామంది ఆడేదో, చూసేదో అయి ఉండాలి. పేరు పద్యంలో రాకపోయినా ఎవరో నిస్సందేహంగా తెలియాలి.

ఒక హెచ్చరిక. సమస్య అచ్చుతో మొదలవుతోంది. మూడో పాదం చివర వాక్యం ముగించండి. ముగించకపోతే సంధి చేయాలి, చేస్తే ఇచ్చిన పాదం రూపు మారిపోతుంది. ఇలాంటి సమస్యలో ఎక్కువమంది తడబడేది ఇక్కడే.

బంతిపూవు:
జట్టు తుదిపోరు గెలువక జారె గాని
యారు వందలు దాటినయట్టి పరుగు
రాశి కొసగిరి సచినుకే రహిని బిరుదు;
ఓడిపోయినవాడె పో యుత్తముండు.

గురులఘువు:
బంతిపూవు గారూ, సమస్యకు అతికినట్టున్న సందర్భం పట్టారు. 2003 ప్రపంచకప్ ఫైనల్లో భారత్ ఓడింది, టోర్నీ మేటి ఆటగాడు మాత్రం సచినే. ‘వాడె’లోని ఏకారానికి కూడా అర్థం చెప్పగలిగారు: గెలిచిన జట్టులో ఎవరికీ కాదు, ఇతనికే. ‘సచిన్’ అని పొల్లుతో రాస్తే లఘువు, గురువు అవుతాయి. అలా మొదలయ్యే గణం తేటగీతిలో లేదు. ‘సచిను’ అని మూడు లఘువులు చేసుకోవడం మంచి పని.

నా పేచీ రెండో పాదంతో. ‘ఆరు వందలు దాటిన’ అంటే లెక్క ఎగ్గొట్టినట్టుంది. ఆయన చేసినవి 673. అంకెను మాటల్లో పరిస్తే పాదమంతా అదే తినేస్తుంది కనుక మన పాత పద్ధతి వాడండి: అగ్ని మూడు, గిరి ఏడు, రసం ఆరు. కుడి నుంచి ఎడమకు చదివితే 673.

యగ్నిగిరిరస సంఖ్యతో నలరు పరుగు

గణాలు హ, నల, ర, న, న. యతి య–న, రెండు చోట్లా అకారమే. గిరి తర్వాత రసానికి బదులు ఋతువును పెట్టకండి. అదీ ఆరే, కానీ సమాసంలో గిరి, ఋతు కలిసి యణాదేశంతో ‘గిర్యృతు’ అవుతుంది, గణం చెడుతుంది.

కలంపోటు:
తలను ఢీకొట్టి వెడలిన దళపతియును
పసిడిబంతినిఁ బొందెను ప్రజలు మెచ్చ
నిటలి కప్పును గైకొన్న నేమి కొఱత?
ఓడిపోయినవాడె పో యుత్తముండు.

గురులఘువు:
పేరు చెప్పకుండా మనిషిని కళ్ళముందు నిలబెట్టారు. 2006 ఫుట్‌బాల్ ప్రపంచకప్ బెర్లిన్ ఫైనల్లో ఎర్రకార్డు చూసి వెళ్ళిన ఫ్రాన్స్ కెప్టెన్ జిదాన్ తప్ప ఇంకెవరూ కారు. మూడో పాదం ప్రశ్నతో ముగిసింది, కాబట్టి సంధి చిక్కు లేదు.

‘ప్రజలు మెచ్చ’ మాత్రం వాస్తవం కాదండీ. గోల్డెన్ బాల్, అంటే టోర్నీ మేటి ఆటగాడి బహుమతి, ఎవరికో తేల్చింది విలేకరుల ఓట్లు. తలతో ఢీకొట్టడాన్ని ప్రజలు మెచ్చారన్న దురర్థం కూడా తొంగిచూస్తోంది. మొదటి రెండు పాదాలు ఇలా మార్చి చూడండి:

తలను ఢీకొట్టి వెడలిన దళపతికిని
పాత్రికేయుల యోట్లిచ్చెఁ బసిడిబంతి;

యతి పా–బ. ‘పసిడి’ సరళాదేశంతో ‘బసిడి’ అయింది, రెండూ పవర్గమే. ఇప్పుడు రెండో పాదం దగ్గర వాక్యం ఆగుతుంది కనుక మూడోది ‘ఇటలి’ అని నేరుగా మొదలుపెట్టవచ్చు.

మైదానమిత్ర:
ఇదే దారిలో ఇంకా ఇద్దరున్నారు, ఎవరైనా ప్రయత్నించండి. 1998లో ఫైనల్ ఓడిన బ్రెజిల్ రొనాల్డో, 2002లో ఓడిన జర్మనీ గోలీ కాన్. గోల్డెన్ బాల్ అందుకున్న గోల్‌కీపర్ కాన్ ఒక్కడే. పద్యానికి అతనిది మరింత గట్టి సరుకు: అతని చేతుల్లోంచి జారిన బంతినే రొనాల్డో గోల్ చేశాడు. ఓటమి జట్టుది కాదు, స్వయంగా ఆ చేతులదే.

2014 మెస్సీ మీద రెండు పూరణలు వచ్చాయి. చదవడానికి బాగున్నా లెక్కలోకి రావు, ఆయన ఇంకా ఆడుతున్నాడు.

పాదచారి:
ఏడవాటను గెలిచిన దెదుటి జట్టు
వెస్టునకె దక్కె తుదిపోరు వీరపదవి;
యట్టి జెర్రీకి సాటిగా నన్యు లేరి?
ఓడిపోయినవాడె పో యుత్తముండు.

గురులఘువు:
ఛందస్సులో వేలు పెట్టడానికి లేదు. ‘గెలిచినది ఎదుటి’ని ‘గెలిచిన దెదుటి’ చేసి ఏ–ఎ యతి తెచ్చిన తీరు చాలా నచ్చింది.

మైదానమిత్ర:
సమస్యకు ఇంతకంటే సరిపోయే ఘట్టం బాస్కెట్‌బాల్‌లో లేదు. 1969 ఎన్‌బీఏ ఫైనల్స్‌లో ఏడో ఆట రెండే పాయింట్ల తేడాతో సెల్టిక్స్ గెలిచింది. వెస్ట్ ఆ ఆటలో 42 పాయింట్లు చేశాడు. ఫైనల్స్ మేటి ఆటగాడి బహుమతి పెట్టింది ఆ ఏడే. ఓడిన జట్టువాడికి అది దక్కడం మళ్ళీ జరగలేదు.

అయినా పోటీలో దీన్ని తీసుకోలేం, పాదచారి గారూ. జెర్రీ వెస్ట్ 2024 జూన్‌లో కన్నుమూశారు. ఈ విషయంలో పాత జాబితాలు నమ్ముకుంటే ఇదే ఇబ్బంది. మారడోనా 2020లో, షేన్ వార్న్, బిల్ రసెల్, పీలే ముగ్గురూ 2022లో, బెకెన్‌బవర్, విల్లీ మేస్ 2024లో వెళ్ళిపోయారు. పద్యం మొదలుపెట్టే ముందు చూసుకోవాల్సిన మొదటి సంగతి ఇది. పద్యాన్ని మాత్రం తీసేయకండి, విడిగా దాచుకోదగ్గది.

పరుగుపందెం:
లండ నందున బోల్టుకు వచ్చె నపుడు
కంచు, పసిఁడిని గాట్లిను గాంచె గాని
మోకరిల్లెను గెలిచియు ముందతండె;
ఓడిపోయినవాడె పో యుత్తముండు.

గురులఘువు:
భావం అద్భుతం. యతి మాత్రం మొదటి పాదంలో తప్పింది. లం–వ కు మైత్రి లేదు. ప్రాసయతి అనుకుందామన్నా రెండో అక్షరాలు డ, చ్చె, అదీ కుదరదు. చిన్న మార్పు చాలు:

లండ నందున బోల్టుకు లభ్యమయ్యెఁ
గంచు, పసిఁడిని గాట్లిను గాంచె గాని

‘అయ్యెన్’ చివరి నకారం (ద్రుతం) వల్ల ‘కంచు’ ‘గంచు’ అవుతుంది. రెండో పాదంలో గం–గాం యతి చెక్కుచెదరదు.

మైదానమిత్ర:
ఇప్పటివరకు వచ్చినవాటిలో నా ఓటు దీనికే. మిగతా పూరణల్లో ఓడినవాణ్ణి ఉత్తముడని ఎవరో బయటివాళ్ళు తేల్చారు. ఇక్కడ గెలిచినవాడే తేల్చాడు. 2017 లండన్ ప్రపంచ పోటీల వంద మీటర్లలో గాట్లిన్ 9.92, కోల్‌మన్ 9.94, బోల్ట్ 9.95. 0.03 సెకన్ల తేడాలో ముగ్గురూ గీత దాటారు. ఆ వెంటనే గాట్లిన్ బోల్ట్ ముందు మోకరిల్లాడు. ‘గెలిచియు’ అన్న ఒక్క మాట ఆ దృశ్యమంతా మోస్తోంది.

బోల్ట్ మీద ఇంకా రాసేవాళ్ళకు: ఒలింపిక్ స్వర్ణాలు ఎనిమిది అనండి. 2008 రిలేలో తోటి పరుగువాడు డోపింగ్‌లో పట్టుబడటంతో ఆ పతకం వెనక్కి పోయింది. 2009 బెర్లిన్‌లో నెలకొల్పిన 9.58, 19.19 రికార్డులు మాత్రం అలాగే ఉన్నాయి.

బంతిపూవు:
ఒక సందేహం. ఒక్క ఓటమిలో మెరిస్తే సరిపోతుందా? జీవించి ఉన్నవాళ్ళలో ‘ఉత్తముడు’ అనడానికి కొలత ఉండాలి కదా?

మైదానమిత్ర:
ఉండాలి. పతకాల మొత్తం కొలత కాదు. ఫెల్ప్స్‌కు 23 ఒలింపిక్ స్వర్ణాలు, వేసవి ఒలింపిక్స్‌లో తర్వాతి వరుసలో ఉన్నవాళ్ళకు తొమ్మిదేసి. కానీ ఈతలో ఒకే మనిషి ఒకే ఒలింపిక్స్‌లో సీతాకోకచిలుక ఈత, మెడ్లీ, ఫ్రీస్టయిల్, మూడు రిలేలు కలిపి ఎనిమిది గెలవవచ్చు. 2008లో గెలిచాడు కూడా. బాస్కెట్‌బాల్ ఆటగాడికి ఒక ఒలింపిక్స్‌కు ఒకటే పతకం. ఈ రెండు అంకెల్ని పక్కపక్కన పెట్టి పోల్చడం అన్యాయం.

నేను చూసేది తన ఆటలో తన తర్వాతి వాడికీ తనకూ మధ్య దూరం. ఐస్ హాకీలో గ్రెట్‌స్కీకి 894 గోల్స్, 1963 అసిస్టులు (తోటివాళ్ళ గోల్స్‌కు అందించిన పాసులు). గోల్స్ రికార్డును 2025లో ఒవెచ్కిన్ దాటేశాడు. అయినా గ్రెట్‌స్కీ గోల్స్ అన్నీ తీసి పక్కన పెట్టినా, ఉత్త అసిస్టులే రెండో స్థానంలో ఉన్న యాగర్ గోల్స్, అసిస్టులు కలిపిన మొత్తం 1921 పాయింట్ల కంటే ఎక్కువ. జీవించి ఉన్నవాళ్ళలో ఇలాంటి దూరం ఇంకే జట్టు ఆటలోనూ నాకు కనబడదు. క్రికెట్‌లో ఆ స్థాయి దూరం బ్రాడ్‌మన్‌ది, ఆయన లేరు. ఉన్నవాళ్ళలో సోబర్స్ పేరు ముందు చెబుతాను: టెస్టుల్లో 57.78 సగటుతో 8032 పరుగులు, 235 వికెట్లు, అదీ పేస్, రెండు రకాల స్పిన్ వేసి. కాలిస్‌కు వికెట్లు 292, పరుగులు 13289. అంకెల్లో ఏం తక్కువ కాదు. ఒకే మనిషి మూడు రకాల బౌలర్‌గా పనికిరావడమే సోబర్స్‌ను ఒక మెట్టు పైన నిలబెడుతుంది.

పరుగుల్లో అయితే హర్డిల్స్ ఎడ్విన్ మోజెస్. 1977 నుంచి 1987 వరకు వరసగా 122 పరుగులు గెలిచి, ఆ తర్వాత డానీ హ్యారిస్ చేతిలో ఓడాడు. ఈ సమస్యకు ఆయన ఎదురుచూస్తున్నట్టే ఉంది, ఒక్కరూ ముట్టుకోలేదు!

ఉడుంపట్టు:
మూడు పసిడి పతకముల మోసె గాని
సిడ్నిలో నొక్క పాయింటు చేతఁ జిక్కె;
గెలుపు గార్డ్నరు కొకనాడు, కీర్తి కెపుడు
ఓడిపోయినవాడె పో యుత్తముండు.

గురులఘువు:
నిర్వాహకుడి హెచ్చరిక ఇక్కడ పనికొస్తుంది. ‘కీర్తి కెపుడు’ దగ్గర వాక్యం ఆగలేదు. ‘ఎపుడు’కు ‘ఓడి’ తగిలితే ఉత్వసంధి నిత్యం, ‘ఎపుడోడి’ కావాలి. ‘కీర్తి నిలిచె;’ అంటే వాక్యం ముగుస్తుంది, గణం అదే, గె–కీ యతి అదే.

రెండో లోటు, మనిషి పేరు లేదు. గార్డ్నరు ఎవరో తెలిసినవాళ్ళకే కరేలిన్ తెలుస్తాడు. ‘కరేలిన్’ లఘువుతో మొదలై వెంటనే గురువు వస్తుంది కాబట్టి గణం మొదట ఇమడదు. మొదటి అక్షరాన్ని ముందు గణం చివరకు జరిపి, రెండో పాదాన్ని ఇలా మార్చాలి:

రెండువేలవ యేట కరేలి నోడె;

రెండు, వేలవ, యేట క, రేలి, నోడె. యతి రె–రే. ‘కరేలిన్’ పొల్లు ‘ఓడె’తో కలిసిపోయింది, ఏడాది కూడా వచ్చేసింది.

మైదానమిత్ర:
గ్రీకో రోమన్ కుస్తీలో 1988, 1992, 1996 స్వర్ణాలు కరేలిన్‌వి. సిడ్నీ ఫైనల్లో 1–0తో పోయింది. ఆ ఒక్క పాయింటూ ప్రత్యర్థి ఎత్తిపడేసినందుకు కాదు, చేతుల పట్టు విడిపోయినందుకు. ‘చేతఁ జిక్కె’ అన్న మీ పాత మాటలో ఆ చేతుల ఛాయ ఉంది, దాన్ని వదులుకోవడం బాధే. అయినా పేరు ముఖ్యం.

కలంపోటు:
ఇంకొక దారి:

ఆరు తుదిపోరు లందును హారమందె
జోర్డ నేనాడు నోటమిఁ జూడలేదు;
ఆరు మార్లును మేటిగా నతఁడె; చెపుమ
ఓడిపోయినవాడె, పో, యుత్తముండు?

గురులఘువు:
విరామచిహ్నంతో సమస్యను ప్రశ్నగా తిప్పారు. ‘పో’ను ఛీత్కారంగా వాడటం చమత్కారమే, సంప్రదాయం ఒప్పుకుంటుంది. నేను మాత్రం కొంచెం తక్కువ మార్కులే వేస్తాను. సమస్యను నిజం చేసి చూపడం కష్టం, కాదనడం సులువు.

మైదానమిత్ర:
‘ఏనాడు నోటమిఁ జూడలేదు’ నిలవదు. 1988 నుంచి 1990 వరకు మూడేళ్ళూ ప్లేఆఫ్స్‌లో డెట్రాయిట్ చేతిలో జోర్డన్ జట్టు ఓడింది. ఓడనిది ఫైనల్స్‌లోనే: 1991, 92, 93, 96, 97, 98. ‘జోర్డ నచ్చోట నోటమిఁ జూడలేదు’ అంటే గణం అదే త, మాట నిజమవుతుంది.

నిర్వాహకుడు:
ఈ వారం మొదటి స్థానం పరుగుపందెం గారి బోల్ట్ పద్యానికి, యతి సవరణతో. రెండోది బంతిపూవు గారి సచిన్ పద్యం. ‘అగ్నిగిరిరస’ పాదంతోనే దాన్ని భద్రపరుస్తున్నాం. ఉడుంపట్టు గారు రెండు సవరణలూ చేర్చి పద్యం మళ్ళీ పెట్టండి.

సమస్యలో ‘వాడె’ ఉండటంతో ఆడవాళ్ళెవరూ రాలేదు. వచ్చే వారం వాళ్ళకే:

గెలుచు నలవాటె యామెకుఁ గీడు సేసె

ఇదీ తేటగీతే, గెలుచు, నలవాటె, యామెకుఁ, గీడు, సేసె. టెన్నిస్‌లో గ్రాఫ్ 22 గ్రాండ్‌స్లామ్ సింగిల్స్, 1988లో నాలుగు టైటిళ్ళతో పాటు ఒలింపిక్ స్వర్ణం. నవ్రతిలోవా సింగిల్స్, డబుల్స్, మిక్స్‌డ్ కలిపి 59. 1976 ఒలింపిక్ జిమ్నాస్టిక్స్‌లో పదికి పది తెచ్చుకున్న కొమనెచి. హెప్టాథ్లాన్‌లో 7291 పాయింట్ల జాకీ జాయ్నర్ కెర్సీ. ఈ చివరి పేరు దగ్గర జాగ్రత్త. 1998లో చనిపోయింది ఆమె వదినగారు ఫ్లోరెన్స్ గ్రిఫిత్ జాయ్నర్. ఈసారి సమస్య హల్లుతో మొదలవుతోంది కాబట్టి మూడో పాదం చివర వాక్యం ఆపకపోయినా పరవాలేదు.