ఎడమచేతి వాటానికి ఏ ఎయిర్ పిస్టల్?

ఏడాదిగా హైదరాబాద్‌లో ఆదివారాలు పది మీటర్ల దూరం నుంచి ఎయిర్ పిస్టల్ (గాలి ఒత్తిడితో పేలేది) కాలుస్తున్నాను. పోటీలకు కాదు, సరదాకే. ఇప్పుడు సొంతది కొనాలని ఉంది. 4.5 మి.మీ. గుండు, 20 జూళ్ల లోపు శక్తి కాబట్టి లైసెన్స్ టెన్షన్ లేదు.

చిక్కల్లా నాది ఎడమచేతి వాటం. రేంజ్‌లో అద్దెకిచ్చేవన్నీ కుడిచేతి గ్రిప్పులే. గంట కాల్చేసరికి బొటనవేలి మొదట్లో చర్మం కందిపోతోంది.

తెలిసినాయన పాత స్టెయర్ ఎల్‌పీ 2 పిస్టల్ అమ్ముతానంటున్నారు. ట్రిగ్గర్ వెన్నలా ఉంది, కానీ గాలి సిలిండర్ మీద తేదీ చూస్తే పదేళ్లు దాటింది, అంటే దాని గడువు అయిపోయినట్టే! కొత్త సిలిండర్, ఎడమచేతి గ్రిప్ విడిగా దొరుకుతాయా? లేక కొత్త మోరినీ సీఎం 162 ఈఐకే వెళ్లనా? దాని ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్ పాడైతే ఇక్కడ బాగుచేసేవాళ్లున్నారా? వాడినవాళ్లు కాస్త చెప్పండి.